వెనక నుంచి పిలవని బాతులు

నేను ఇంతకుముందు ఎప్పుడూ ఏమీ రాయలేదు. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. తప్పులుంటే మన్నించండి.

మొన్న భోజనాల వేళ టీవీలో, విమానాలు నడిపేవాళ్లు ఏ వయసుకి ఆ పని మానుకోవాలా అని ఎవరో వాదించుకుంటున్నారు. మా మామగారు మజ్జిగన్నం కలుపుకుంటూ, "చెయ్యి తిరిగినవాడికి వయసేమిటి? ఎగరనివ్వండి" అన్నారు. ఆయన స్కూలు వ్యాను నడుపుతారు. పిల్లల్ని ఎక్కించి దించే ఆయాను నేనే, పక్క సీటు నాది. దారి పొడుగునా "అదుగో గేదె", "అదుగో లారీ" అని పిల్లలకు చూపిస్తున్నట్టు చెబుతూ ఉంటాను. ఇంట్లో మాత్రం ఆయన ముందు నోరెత్తను. ఆ పూటా ఎత్తలేదు. ఈ కథ రాసుకున్నాను.

ఒక ఉప్పునీటి సరస్సు. చలికాలమంతా అక్కడ వలస బాతులు మేసేవి. ఎండలు ముదరకముందే మంచుకొండలు దాటి తమ చోటికి వెళ్లిపోయేవి. ఆ దారి నడిపించేది మేఘయ్య అనే ముసలి బాతు. ముందు ఆయన, వెనక రెండు వరుసలుగా గుంపు. వాళ్లకొక ఆచారం ఉంది. బయల్దేరిన పెద్దను వెనక నుంచి పిలవకూడదు. పిలిస్తే అపశకునం.

మేఘయ్య కళ్లకు పొరలు కమ్మి చాలా కాలమైంది. గుంపులో అందరికీ తెలుసు. కానీ పిల్లి మెడలో గంట కట్టేదెవరు? మేనకోడలు చుక్కమ్మ మాత్రం ఆయన రెక్క పక్కనే ఎగిరేది. ఆయన దారి తప్పినప్పుడల్లా అటువైపు వెళ్లి తన రెక్కతో గట్టిగా గాలి కొట్టేది. ఆ తోపుకి ఆయన మళ్లీ దారిలో పడేవాడు.

"చూశారా, గాలి కూడా నా మాట వింటుంది!" అని మురిసిపోయేవాడు.

"మీ మాట కాక ఎవరి మాట వింటుంది మావయ్యా" అనేది చుక్కమ్మ.

ఆ ఏడు చుక్కమ్మ కూతురు చిట్టికి మొదటి ప్రయాణం. ఆ ఏడే సరస్సుకి ఉత్తరాన కొత్తగా కరెంటు తీగలు లాగారు. ఒకరోజు ఒక నీటికాకి ఆ తీగలకు తగిలి పడితే కింద ఉన్న నక్క తినేసింది. "ఒక్కటి పడితేనే ఇంత రుచా! గుంపు గుంపే పడితే?" అనుకుంది.

అనుకుని మేఘయ్య దగ్గరకొచ్చింది.

"దండాలు పెద్దాయనా. ఒక మాట చెబితే ఏమీ అనుకోరుగా?"

"చెప్పవోయ్."

"మీకు చూపు ఆనడం లేదట. గుంపుని నడిపేది మీ మేనకోడలేనట. కుర్రకారు గుసగుసలు."

"నా చూపుకేం? ఎవడా అన్నది?"

"నాకు తెలీదా! ఏనుగు పడుకున్నా గుర్రమంత ఎత్తు. రేపు అందరి ముందూ తేల్చెయ్యండి. అవతలి గట్టు మీద రోజూ దున్నపోతు నిలబడుతుంది. చూసి చెప్పండి. ఆ తర్వాత ఆ అమ్మాయిని తోక చివరకి పంపండి. ఎవరు నడుపుతున్నారో లోకానికి తెలుస్తుంది."

మర్నాడు మేఘయ్య గుంపుని పిలిచి, మెడ సాచి, "అదుగో, అవతలి గట్టు మీద దున్నపోతు. కుడి కొమ్ము కాస్త వంకర!" అన్నాడు.

గట్టు మీద ఏమీ లేదు. దున్నపోతు ఇవతల, బాతుల పక్కనే, పీకల్లోతు నీళ్లలో పడుకుని ఉంది.

"నేనిక్కడుంటే అక్కడున్నానంటాడేమిటి?" అంది.

"ష్! ఊరుకోవయ్యా, పెద్దాయన నొచ్చుకుంటాడు" అన్నాయి బాతులు. ముందు ఒకటి రెక్కలు తట్టింది. తర్వాత అన్నీ తట్టాయి. చుక్కమ్మా తట్టింది.

పొదలో నక్క కడుపుబ్బ నవ్వుకుంది.

"చూశావుగా చుక్కమ్మా. ఇంక నా రెక్క దగ్గర నీకేం పని? చివరకి పో" అన్నాడు మేఘయ్య.

"మావయ్యా, ఈ ఒక్కసారికి పక్కన ఉండనివ్వండి. ఉత్తరాన ఏవో..."

"ఉత్తరం నాకు నేర్పుతావా?"

"చిట్టి మీ వెనకే ఎగురుతోంది మావయ్యా. దానికి మొదటిసారి."

"నా వెనకున్నదానికి భయమేంటే?"

పొగమంచులోనే బయల్దేరారు. లేచిన కాసేపటికే మేఘయ్య పక్కకి వాలాడు. ఎప్పుడూ వచ్చే గాలి తోపు రాలేదు. చివరనున్న చుక్కమ్మకి మంచు సందులో తీగలు కనిపించాయి. నోరు తెరిచింది. వెనక పిలుపు! చిన్నప్పటి నుంచీ విన్న మాట గొంతుకి అడ్డం పడింది. ఆమె ముందున్న బాతుకీ తీగలు కనిపించాయి. దాని ముందున్న బాతుకీ కనిపించాయి. ఎవరూ పిలవలేదు.

"మావయ్యా! పైకి!"

చివరకి అరిచింది చుక్కమ్మ. మేఘయ్య ఉలిక్కిపడి పైకి లేచాడు. తీగలు ఆయన పొట్ట ఈకల్ని రాసుకుంటూ పోయాయి. వెనకున్న చిట్టికి లేవడానికి వ్యవధి చాలలేదు. దానితోపాటు ఇంకొన్ని రాలిపోయాయి.

మిగిలినవి అవతలి తిప్ప మీద దిగాయి.

"ఎవరే నన్ను వెనక నుంచి పిలిచింది?" అని కేకలేశాడు మేఘయ్య. "చూశారా ఎంత అపశకునం జరిగిందో! చిట్టీ, ఎక్కడున్నావే? పలకవేం?"

ఆయన తల అటూ ఇటూ తిప్పాడు. గొంతు తగ్గింది.

"చుక్కమ్మా, ఎప్పుడూ వచ్చే గాలి ఇవాళ రాలేదేమిటే?"

"అది గాలి కాదు మావయ్యా. నేను."

మేఘయ్య ఆ గొంతు వినిపించిన వైపు రెండడుగులు వేశాడు. "మరి చెప్పలేదేమే?" అన్నాడు.

"మీరు నొచ్చుకుంటారని."

తీగల కింద నక్క మూతి తుడుచుకుంటూ దున్నపోతుతో అంది. "కళ్లు పోయింది ఒక్కడికే బావా. నోళ్లు పోయింది గుంపంతటికీ. నాకింకేం కావాలి?"

దున్నపోతు ఎప్పుడూ నిలబడే గట్టు మీదకి ఆ రోజు ఎక్కలేదు.

ముందున్నవాడికి చూపు తగ్గితే, వెనకున్నవాడికి గొంతు పెగలాలి.

ఇది రాసిన మర్నాడు పొద్దున మా సందులో పిల్లలు వ్యాను ఎక్కి కూర్చున్నారు. మామగారు చెప్పులు వేసుకుని, వ్యాను తాళం పట్టుకుని గుమ్మం దిగారు. ప్రయాణమైన మనిషిని వెనక నుంచి పిలవకూడదని కాపురానికొచ్చిన కొత్తలోనే మా అత్తగారు చెప్పింది. ఇన్నేళ్లలో ఎప్పుడూ పిలవలేదు.

పిలిచాను. "మామయ్యగారూ, ఆగండి. ఆ తాళం ఇలా ఇవ్వండి."