ఏటిమొగ బురద

విధికుడికి ధ్యానం కుదరడం లేదు. అడ్డుపడుతున్నది మనసు కాదు, ముక్కు.

ఆంధ్రదేశంలో బౌద్ధ భిక్షువులు ఊరూరా తిరిగే రోజుల నాటి మాట ఇది. గోదావరి పాయ ఒకటి సముద్రంలో కలిసే మొగ దగ్గర, ఎత్తయిన దిబ్బ మీద వాళ్ళ విహారం ఉండేది. విహారం వెనకే ఒక ఉప్పుపాయ, దాని రెండు గట్లనా మడచెట్లు. ఆ చెట్ల ఆకులు నీళ్ళలోకి రాలి అక్కడే కుళ్ళేవి. పాటు వేళ నీళ్ళు వెనక్కి తగ్గాయంటే నల్లటి బురద బయటపడి, కుళ్ళిన గుడ్డు వాసన విహారం లోపలి దాకా వచ్చేది. కళ్ళు మూసుకుని కూర్చున్న విధికుడు ముక్కు కూడా మూసుకోవాల్సి వచ్చేది.

మిగతా భిక్షువులకి ఆ వాసన అలవాటైపోయింది. విధికుడు అలవాటు పడే రకం కాదు. శుభ్రమంటే అతనికి ప్రాణం. పొద్దున్నే వాకిలి ఊడిస్తే ఇసుక మీద చీపురు గీతలు తప్ప ఇంకేమీ కనిపించకూడదు. ఎవరైనా తొక్కితే గొణుక్కుంటూ మళ్ళీ ఊడ్చేవాడు.

ఒకనాడు ఇక ఉండబట్టలేక గురువుగారి దగ్గరికి వెళ్ళాడు.

ఆయన పేరు నాగబోధి. విహారానికి పెద్ద. ఏమడిగినా నోటితో జవాబు చెప్పరని ఆయనకి పేరు. ఎవరో కోపం ఎలా పోతుందని అడిగితే, ఖాళీ భిక్షాపాత్ర చేతికిచ్చి పంపేశారట. దాని అర్థమేమిటా అని శిష్యులు రోజుల తరబడి తలలు బద్దలుకొట్టుకున్నారు. వాళ్ళ చర్చలు చాటుగా విని ఆయన మురిసిపోయేవారని కూడా అంటారు. గురువులకీ కొన్ని ముచ్చట్లుంటాయి మరి.

"భంతే, బయట ఇంత మురికి పెట్టుకుని లోపల శుద్ధి ఎలా వస్తుంది?" అన్నాడు విధికుడు.

నాగబోధి ఆ వేళ తొందరలో ఉన్నారు. ఎగువన ఇంకో విహారంలో ఆయన చిన్ననాటి స్నేహితుడు జబ్బుపడ్డాడు. నావ సిద్ధంగా ఉంది. అయినా ఆయన పాయలోకి దిగి, పిడికెడు నల్లబురద తీసి విధికుడి అరచేతిలో పెట్టి, అతని వేళ్ళు మూశారు. చిన్నగా నవ్వి నావ ఎక్కారు.

విధికుడు ఆ పిడికిలి వంక చూస్తూ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి అర్థమైంది, లేదా అర్థమైందనుకున్నాడు. పిడికెడు పిడికెడుగా దీన్ని తీసెయ్యమంటున్నారు గురువుగారు.

ఇక అతని ఉత్సాహం చూడాలి. మర్నాటి నుంచే తట్ట పట్టుకుని పాయలో దిగాడు. కుళ్ళిన ఆకులు దంతెతో లాగి, బురద ఎత్తి, దోనెలో నింపి సముద్రంలో పోసి వచ్చేవాడు. నేల తవ్వకూడదని భిక్షువులకి నియమం ఉంది. బురద నేల కాదు కదా అని సర్దిచెప్పుకున్నాడు. చెట్టు కొట్టకూడదనీ నియమం ఉంది. అందుకని బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన మడవేళ్ళు నరికే పని పక్క ఊరి భక్తులకి అప్పగించాడు. పుణ్యం వస్తుందన్నాడు. వాళ్ళు పారలూ కత్తులూ పట్టుకుని సంతోషంగా వచ్చారు.

ఆ బురద ఊరికే అక్కడికి వచ్చింది కాదు. ఎక్కడో పడమటి కొండల్లో వాన కడిగిన మట్టి అది. దారిలో ఎందరి చేల మట్టినో కలుపుకుని, వరదలో ఎర్రగా పరుగెత్తుకుంటూ వస్తుంది. మొగ దగ్గర సముద్రం పోటు ఎదురై దాని పరుగు ఆపుతుంది. ఉప్పు తగిలేసరికి ఆ సన్నటి మట్టి రేణువులు ఒకదానికొకటి అంటుకుని, బరువెక్కి, మడవేళ్ళ సందుల్లో మెల్లగా అడుగుకి దిగుతాయి. వాటి మీద ఆకు రాలుతుంది. కుళ్ళిన ఆకుని కంటికి ఆనని పురుగులు తింటాయి, వాటిని రొయ్యపిల్లలు తింటాయి, రొయ్యల కోసం చేపలొస్తాయి, చేపల కోసం కొంగలొస్తాయి. కొండ నుంచి వచ్చిన మన్ను అక్కడ అలా అన్నంగా మారుతోంది. విధికుడికి కనిపించింది మాత్రం చెత్త.

చలికాలం వెళ్ళేసరికి పాయ అద్దంలా తయారైంది. అడుగున ఇసుక కనిపిస్తోంది. వాసన లేదు. నిజం చెప్పొద్దూ, ధ్యానం కూడా చక్కగా కుదిరింది. అతని జీవితంలో అంత ప్రశాంతంగా ఎప్పుడూ కూర్చోలేదు.

పాయకి అవతలి గట్టున ఒక చిన్న జాలరిపేట ఉండేది. సముద్రం లోపలికి వెళ్ళేంత పెద్ద నావలు వాళ్ళకి లేవు. ఈ పాయలో వలేసి రొయ్యలు పట్టుకుని బతికేవాళ్ళు. అక్కడ నాకమ్మ అనే ఆవిడ రోజూ విధికుడి పాత్రలో ఇంత అన్నం, నాలుగు ఎండురొయ్యలు పెట్టేది. ఆ చలికాలంలో ఎండురొయ్యలు ఆగిపోయాయి. తర్వాత అన్నం తగ్గింది. ఆ తర్వాత గంజి.

భక్తి సన్నగిల్లుతోందని విధికుడు అనుకున్నాడు. ఒక ఉదయం ఆవిడ సగం గరిటె గంజి పోసి తల వంచుకుంటే, గుమ్మంలో నిలబడి దానం గురించి నాలుగు మంచి మాటలు చెప్పాడు.

"ఇచ్చే చెయ్యి ముడుచుకుంటే మనసూ ముడుచుకుపోతుందమ్మా."

"అలాగే సామీ" అంది నాకమ్మ.

ఎండాకాలం చివర నాగబోధి తిరిగొచ్చారు. స్నేహితుడు పోయాడు. మనిషి బాగా నలిగిపోయి ఉన్నారు. విధికుడు ఆయన్ని నావ దిగీ దిగగానే పాయ గట్టుకి తీసుకెళ్ళాడు.

ఆయన చాలాసేపు చూశారు. నీళ్ళు తేటగా ఉన్నాయి. గట్టున మడచెట్లు ఆకులు పండబారి, కొన్ని పక్కకి ఒరిగి ఉన్నాయి. గట్టు మన్ను అక్కడక్కడా విరిగి నీళ్ళలోకి జారింది.

"కొంగలేవి?" అన్నారు.

"వెళ్ళిపోయాయి భంతే. మురికి లేదుగా ఇప్పుడు."

"ఎవరు చెప్పారు నీకు ఈ పని చెయ్యమని?"

విధికుడు తెల్లబోయాడు. "మీరే కదా భంతే! బురద తీసి చేతిలో పెట్టారు. తీసెయ్యమనే కదా?"

నాగబోధి మొహం పాలిపోయింది. తర్వాత తన సంచిలోంచి నీళ్ళు వడగట్టుకునే గుడ్డ తీసి అతనికిచ్చారు. తాగే నీళ్ళలో పురుగు కూడా చావకూడదని భిక్షువులు ఆ గుడ్డలో వడగట్టుకునే తాగుతారు.

"ఈ నీళ్ళు వడగట్టు."

"ఉప్పునీళ్ళు భంతే, తాగడానికి పనికిరావు."

"వడగట్టు నాయనా."

విధికుడు కడవ ముంచి గుడ్డలో పోశాడు. గుడ్డ తెల్లగానే ఉంది. దాని మీద ఏమీ లేదు. అతనికి కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఇద్దరూ దోనె ఎక్కారు. మడ అడవికి అటువైపు ఎవరూ ముట్టుకోని ఇంకో పాయ ఉంది. దోనె అక్కడికి చేరేసరికి ఆ పాత వాసన గుప్పున కొట్టింది. నాగబోధి దోనె ఆపి, నీళ్ళు చూపించారు. విధికుడు కడవ ముంచి మళ్ళీ గుడ్డలో పోశాడు.

గుడ్డ మీద గోధుమరంగు జిగురు మిగిలింది. ఆ జిగురు కదులుతోంది. విధికుడు కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. కనురెప్ప వెంట్రుకంత రొయ్యపిల్లలు, ఒళ్ళంతా నీళ్ళలా పారదర్శకం, కళ్ళు మాత్రం నల్లటి చుక్కలు. ఆవగింజంత పీత ఒకటి గుడ్డ అంచు పట్టుకుని వేలాడుతోంది. ఇంకా పేరు తెలియనివి ఎన్నో.

వడగట్టిన గుడ్డని మళ్ళీ అదే నీళ్ళలో ముంచి, దాని మీదున్న ప్రాణాలు బతికి వెళ్ళేలా విదిలించాలి. అదీ నియమమే. విధికుడు గుడ్డని నీళ్ళలో పరిచి నెమ్మదిగా కదిపాడు. ఆ పీత వదలడం లేదు. దాన్ని విడిపించడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"ఎన్ని దోనెలు పోశాను భంతే సముద్రంలో" అన్నాడు.

నాగబోధి తెడ్డు అందుకుని దోనె వెనక్కి తిప్పారు. కొంత దూరం వచ్చాక విధికుడికి నాకమ్మ గుర్తొచ్చింది, ఆ గంజి గుర్తొచ్చింది. తను చెప్పిన మంచి మాటలు గుర్తొచ్చి మొహం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

"విహారానికి కాదు భంతే. ముందు పేటకి" అన్నాడు.

పేటలో గుడిసెల కప్పులు విప్పుతున్నారు. తాటాకులు, వలలు, కుండలు నావల్లోకి ఎక్కిస్తున్నారు. నాకమ్మ మొగుడు పోలయ్య మోకులు బిగిస్తున్నాడు. నాకమ్మ కుండల మధ్య గడ్డి దోపుతూ వీళ్ళని చూసి, చేతులు చీరకి తుడుచుకుని దణ్ణం పెట్టింది.

"ఎక్కడికమ్మా?" అన్నారు నాగబోధి.

"ఉత్తరాన ఇంకో మొగ ఉందంట సామీ. మా ఆడబిడ్డోళ్ళు ఉన్నారక్కడ. ఇక్కడ వలేస్తే ఏటీ పడ్డం లేదు."

విధికుడు ముందుకొచ్చాడు. "అది నా వల్లే. పాయని పాడుచేసింది నేను."

నాకమ్మ ఇబ్బందిగా మొగుడి వైపు చూసింది. పోలయ్య మోకు వదిలి నిలబడ్డాడు.

"మీరు ఎత్తిపోస్తంటే రోజూ చూసేవోళ్ళమే సామీ" అన్నాడు. "వొద్దని చెబుదామనుకున్నాం. మీరు చదువుకున్నోళ్ళు, ఏదో మంచికే చేస్తన్నారేమో, మనకేం తెలుసని ఊరుకున్నాం."

నాకమ్మ ఒక అడుగు ముందుకేసి, గొంతు తగ్గించి అంది:

"ఆ రోజు మీరు దానం గురించి చెప్పారు కదా సామీ. ఇంట్లో లేక తగ్గించాను గానీ, మనసు లేక కాదు. తప్పుగా అనుకోకండేం."

విధికుడు అక్కడే ఇసుకలో కూలబడ్డాడు. ఆవిడ కంగారుపడి నీళ్ళు తేబోయింది. కుండలన్నీ అప్పటికే నావలో ఉన్నాయి.

నాగబోధి నాకమ్మ ముందుకి వెళ్ళి నిలబడ్డారు. భిక్షువు గృహస్థులకి తల వంచడం ఆచారం కాదు. ఆయన వంచారు.

"ఇతను నన్ను అడిగాడమ్మా. నోరు తెరిచి ఒక్క మాట చెబితే సరిపోయేది. ఈ బురద మీ అందరి కూడు, దాన్ని ముట్టుకోకు అంటే అయిపోయేది. నేను చెప్పలేదు. అలా చెప్పకపోవడమే గొప్ప అనుకున్నాను."

"మీరు పెద్దోళ్ళు సామీ, అలా అనకూడదు" అంది నాకమ్మ. పోటు మొదలైంది. పోలయ్య పిలిచాడు. ఆవిడ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని నావ ఎక్కింది.

కొన్నాళ్ళకి తొలి వరద వచ్చింది. ఎర్రటి నీళ్ళు పాయలోకి పొంగి వచ్చాయి. ఇదివరకైతే మడవేళ్ళ మధ్య తచ్చాడి, బరువు దించుకుని, తేటపడి వెళ్ళేవి. ఇప్పుడు వాటిని ఆపే వేళ్ళు లేవు. వచ్చిన మన్ను వచ్చినట్టే సముద్రంలోకి పోయింది. పోతూపోతూ గట్టుని ఇంకొంచెం కోసుకుపోయింది.

విధికుడు అవతలి మడ అడవిలో చెట్టు మీదే మొలకెత్తి రాలిన కాయలు ఏరుకొచ్చి, పాయ గట్టు వెంట గుచ్చడం మొదలుపెట్టాడు. తట్టలతో కుళ్ళాకు మోసుకొచ్చి వాటి మొదట్లో వేసేవాడు. పోటు వచ్చి వాటిలో చాలా మటుకు లేపుకుపోయేది. మళ్ళీ గుచ్చేవాడు. ఒళ్ళంతా బురద కంపు కొడుతుండేది. మిగతా భిక్షువులు అతని పక్కన కూర్చోవడానికి వెనకాడేవాళ్ళు.

ఒక సాయంత్రం నాగబోధి గట్టుకి వచ్చి కూర్చున్నారు. మోకాలిలోతు నీళ్ళలో నిలబడి విధికుడు అడిగాడు.

"భంతే, ఇది మళ్ళీ మునుపటిలా ఎప్పుడవుతుంది?"

ఈసారి ఆయన చుట్టూ చూడలేదు, అతని చేతిలో పెట్టడానికి దేన్నీ తీసుకోలేదు.

"నేను చూడను విధికా. నువ్వు చూస్తావేమో. చూస్తే, నాకమ్మకి కబురు చెయ్యి."