రెండో కంచం

సుంకన్నకు ఒక్క ఇంగ్లీషు మాట కొరకరాని కొయ్యై కూచుంది.

పట్నంలో ఇంగ్లీషు-తెలుగు నిఘంటువు రాసే పని అతనిది. ఒంటి గది, హోటలు మెతుకులు, చుట్టూ పుస్తకాలు. మనిషి పలకరింపుకు మొహం వాచిపోయాడు. పని 'మిస్' అనే మాట దగ్గరకొచ్చి ఆగిపోయింది. బస్సు అందకపోతే అదే మాట. గురి తప్పితే అదే. పెళ్ళికాని పిల్ల పేరు ముందూ అదే, బడిలో పంతులమ్మా అదే. వీటన్నిటికీ తెలుగు దొరికింది. దూరాన ఉన్న మనిషిని 'మిస్సవుతున్నా' అంటారే, దానికి మాత్రం ఏది రాసినా అతకలేదు. 'బెంగ' అని రాసి కొట్టేశాడు. 'లోటు' అని రాసి, అదీ కొట్టేశాడు.

అప్పుడు గుర్తొచ్చాడు, తనను పెంచి చదువు చెప్పిన కంబగిరి సామి. అవసరం పడితేగానీ గుర్తురాలేదు మహానుభావుడికి! కొండకింది మఠం వదిలి వెళ్ళాక ఉత్తరం ముక్క రాసిన పాపాన పోలేదు.

చెప్పాపెట్టకుండా మిట్టమధ్యాహ్నం మఠంలో అడుగుపెట్టాడు. ఒకప్పుడు శిష్యులతో కిటకిటలాడిన చోట ఇప్పుడు ముసలి సామి ఒక్కడే ఉన్నాడు. అన్నానికి కూచోబోతున్నాడు.

"వస్తివా నాయనా? కాళ్ళు కడుక్కో."

సుంకన్న కాళ్ళయినా కడుక్కోకుండా గోడు వెళ్ళబోసుకున్నాడు. ఆ మాటకున్న అర్థాలన్నీ గడగడా అప్పజెప్పాడు. "ఆ ఒక్కదానికి మాట చెప్పు సామీ. సాయంత్రం బస్సుకే పోవాల."

సామి పొయ్యి వైపు తిరిగాడు. అప్పుడు చూశాడు సుంకన్న, పొయ్యి ముందర రెండు కంచాలు. రెండింట్లోనూ సంగటి ముద్ద, పక్కన గోంగూర.

"ఎవరన్నా వస్తాండారా సామీ?"

"ఎవరొస్తారు? ఊరికి పోయినోని కంచం బోర్లించగూడదు, వడ్డించాల. మఠం పద్ధతి మర్చిపోతివా?"

రెండో కంచం అంచున సొట్ట ఉంది. చిన్నప్పుడు అలిగి బండకేసి కొట్టింది తనే.

అంతలో ఒక కుక్క తోకాడించుకుంటూ వచ్చి, దర్జాగా ఆ కంచం ముందు కూచుంది. రోజూ తినేది అదేనాయె.

సామి కంచాన్ని సుంకన్న వైపు జరిపి, కుక్కతో అన్నాడు: "ఈపొద్దు నీకు లేదు పోవే. ఈ కంచం మనిషి వచ్చినాడు."

సాయంత్రం బస్సు కొండమలుపులో హారన్ కొట్టుకుంటూ పోయింది. సుంకన్న అరుగు దిగలేదు.