గునపం నీడ

ఎవరైనా ప్రశ్న వేస్తే శరభస్వామి వెంటనే జవాబు చెప్పేవాడు కాదు. ముందు ఏదో ఒక పని చెప్పేవాడు. ఆ సంగతి తెలిసి కూడా శిష్యుడు నింబయ్య ఆరోజు ఆగలేకపోయాడు. ఇనుపగుట్ట చుట్టూ కనుచూపు మేర నరికిన మొద్దులు, ఇనుము తీశాక మిగిలిన చిట్టెం కుప్పలు, నడుమ పొగ కక్కుతున్న కొలిమి.

"గుట్ట కడుపులో ఇనుపరాయి ఇంకా తరగలేదు స్వామీ, పైన మాత్రం ఒక్క చెట్టు మిగల్లేదు. ఈ అడవిని మింగిందెవరు? పేరు చెప్పండి. నలుగురిలో నిలబెట్టి నిలదీస్తాను!"

"రేపు బొగ్గు మోసే భూదవ్వతో బొగ్గుకు వెళ్లిరా," అన్నాడు స్వామి.

కొలిమివాళ్లకు పెద్దలు పెట్టిన కట్టుబాటు ఒకటుంది. అడవిలో కాల్చిన బొగ్గు తేవడానికి పోయినవాళ్లు మధ్యాహ్నంలోగా తిరిగి రావాలి. కొలిమి ముందు పాతిన గునపం నీడ, మధ్యాహ్నానికి గుర్తుగా నేల మీద గీసిన గీత దాటాక ఆఖరి బుట్ట వచ్చిందంటే, అడవి మరీ దూరమైందని అర్థం. ఆరోజే కొలిమి చల్లార్చి, గుడిసెలు విప్పుకుని వేరే గుట్టకు పోవాలి. విడిచిన గుట్ట మెల్లగా చిగురిస్తుంది. నింబయ్యకు ఈ నియమం తెగ నచ్చింది. "అడవి హద్దే మనిషి హద్దు!" అన్నాడు గట్టిగా.

అయితే భూదవ్వ అతన్ని ఇంకా తెల్లవారకముందే లేపింది.

"ఇంత చీకట్లో ఎందుకవ్వా?"

"మా అత్త కాలంల పొద్దెక్కినంక, అంబలి తాగి పోయేటోళ్లు. మధ్యాహ్నంలోపట రావాలన్నరు గని, ఎప్పుడు పోవాలెనో పెద్దలు చెప్పలే గద బిడ్డా!"

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. "ఇది మోసం. అందరికీ చెబుతాను."

"చెప్పు పో. ముందుగాల నడువు, మాటలతోటి బుట్ట నిండది."

తిరుగుదారిలో మిగతావాళ్లు ముందుకు సాగిపోయారు. భూదవ్వ మోకాళ్లు పట్టేసి వెనకబడింది. పొద్దు నెత్తిమీదికి వస్తోంది. ఆమె బుట్ట దించి కూలబడింది.

"ఇయ్యాల్నే గుడిసె ఇప్పాలె ఇగ. మా కోడలికి నెలలు నిండినయ్. నొప్పులు పడే పిల్లను యాడికి మోస్కపోవాలె?"

నింబయ్య ఒకసారి ఆకాశం వంక చూశాడు. తన బుట్ట మీద ఆమె బుట్ట పెట్టుకుని, మొద్దుల మధ్య నుంచి పరుగు తీశాడు. అతను కొలిమి చేరేసరికి నీడకూ గీతకూ రెండు వేళ్ల ఎడం ఉంది. "అందింది," అన్నాడు కొలిమిపెద్ద. కొలిమికి గాలి ఊదే తిత్తులు మళ్లీ ఊపిరి తీసుకున్నాయి. మర్నాడు గొడ్డళ్లు అడవిలోకి ఇంకొంచెం లోపలికి వెళ్లాయి.

నింబయ్య స్వామి దగ్గరికి తిరిగి వచ్చాడు.

"పరుగెత్తాను స్వామీ," అన్నాడు. "ఆమె కోడలి కోసం."

"ఆ దారిలో నీకంటే ముందు పరుగెత్తినవాళ్లూ ఎవరో ఒకరి కోసమే పరుగెత్తారు నాయనా," అన్నాడు శరభస్వామి.