తీరిక లేని దస్తగిరి

దర్గాలో దీపాలు చూసుకునే నన్నేసాబ్ తాత మంచం పట్టాడు. ఇక లేవడని హకీం చెప్పేశాడు. తాత పక్కన కూర్చునే పని శిష్యుడు దస్తగిరికి అప్పజెప్పి, దర్గా గురువు హజ్రత్ రహమతుల్లా షా పక్క ఊళ్లో ఎవరో పోతే జనాజా నమాజుకి వెళ్లారు.

దస్తగిరి గదిలో అడుగుపెట్టాడు. తాత గొంతులో గురగురమని చప్పుడు. ఊపిరి వస్తోంది, ఆగుతోంది, మళ్లీ వస్తోంది. అది ఆగినప్పుడల్లా దస్తగిరి ఊపిరీ ఆగుతోంది. తను చూస్తుండగానే అది మళ్లీ రాకపోతే?

దర్గాలో ఉరుసు పండగ దగ్గర పడింది కదా, నీళ్లు కావాలి కదా అని అప్పుడే గుర్తొచ్చింది. బిందె పట్టుకుని బావి దగ్గరికి పరుగెత్తాడు.

ఇక చూడాలి ఆ తోడడం! బిందెలు నిండాయి, కాగులు నిండాయి, నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కునే వజూ తొట్టి పొర్లింది. బావిలో కప్పలకి కూడా బెంగ పట్టుకుని ఉంటుంది పాపం.

"దస్తగిరీ..." గదిలోంచి తాత పిలిచాడు.

"తీరిక లేదు తాతా! ఈ ఒక్క బిందె పోసి వస్తా!"

మళ్లీ పిలిచాడు. మళ్లీ అదే జవాబు. ఆ తర్వాత పిలుపు రాలేదు. దాంతో భయం రెండింతలైంది. చేదతో ఇంకా గబగబా తోడాడు.

సాయంత్రానికి హజ్రత్ తిరిగొచ్చారు.

"తాత ఎలా ఉన్నాడు?"

"పొద్దున్నుంచి నడుం వాల్చలేదు హజ్రత్!"

అడిగిందొకటి, చెప్పిందొకటి. హజ్రత్ అతని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లారు.

తాత ఇంకా ఉన్నాడు. పెదవులు మాత్రం ఎండి పగిలిపోయాయి. పోయే ప్రాణానికి పెదవులు తడపాలని ఆ దర్గాలో పసిపిల్లలకీ తెలుసు. ఊరికి సరిపడా నీళ్లు తోడినవాడికి తోచలేదు.

హజ్రత్ ఇంత దూది నీళ్లలో ముంచి అతని చేతికిచ్చారు.

"నాకు భయమేస్తోంది హజ్రత్."

"ఆయనకీ వేస్తోంది నాయనా."

దస్తగిరి తాత పెదవులకి దూది ఆనించాడు. అవి కదిలాయి. ఆయన వేళ్లు తడుముకుంటూ వచ్చి అతని మణికట్టు పట్టుకున్నాయి. దస్తగిరికి ఏడుపు ముంచుకొచ్చింది. చెయ్యి మాత్రం తీయలేదు.

బయట ఎవరో కేకేశారు. "దస్తగిరీ! చీకటి పడుతోంది, దీపాలు ఎవరు వెలిగిస్తారు?"

అతను అదాటున లేవబోయాడు. హజ్రత్ అతని భుజం మీద చెయ్యి వేసి కూర్చోబెట్టి, మూలనున్న నూనె గిన్నె తానే తీసుకుని గుమ్మం దాటారు.

"నేను వెలిగిస్తాలే. వాడికి తీరిక లేదు."