మసి చేతుల చదువు

నేను చెప్పేదాంట్లో ఒక్క ముక్క అబద్ధమని తోచినవాళ్లు ఇప్పుడే లేచి నిలబడండి. ఎవరూ లేవలేదుగా? అయితే బుద్ధిగా వినండి.

అనగనగా ఒక రాజు. ఆ రాజుకు ముగ్గురు కూతుళ్లు. ఆ రాజ్యంలో ఆడవాళ్ల చూపు పడితే చాలు, తాటాకు మీది అక్షరాలు ఈగల్లా లేచిపోయేవి. కరాళుడనే మాంత్రికుడి పని అది. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంది. చిలక పంజరానికో తాటాకు కట్టి ఉంది. దానిమీది మూడు వరుసలూ ఆడమనిషి చదివితేనే పంజరం తెరుచుకుంటుంది, మాయ విడిపోతుంది. చదవలేకపోతే ఆమె రాయైపోతుంది.

పెద్దకూతురు వెళ్లింది, రాయైంది. రెండోది వెళ్లింది, రాయైంది. మూడోది తారావళి. "నేనూ వెళ్తాను నాన్నగారూ, అక్కల్ని తెస్తాను" అంది. రాజు ఏడ్చిన ఏడుపుకి కోట కందకం పొంగి, ఏనుగులు ఈదాయి. కళ్లారా చూశాను.

తారావళి ముందు నూకాలమ్మ గుడిసెకు వెళ్లింది. గంటంతో గీసిన అక్షరాలు కనపడాలంటే ఆకుకు మసి రుద్దాలి. నలభై ఏళ్లుగా ఆ పని నూకాలమ్మది.

"అన్ని ఆకులు రుద్దావు కదా అవ్వా, ఒక్కటైనా చదివావా?"

"కళ్లతో చదవనిచ్చాడా ఆ మాయదారోడు? నేను కళ్లు మూసుకుని రుద్దుతుంటే మా ఆయన పైకి చదివేవాడు. గీత ఎక్కడ తిరిగిందో, ఎక్కడ ముడిపడిందో వేళ్లకు తెలిసిపోయింది. కళ్లు మూసుకుని చెయ్యి ఇలా తే తల్లీ."

మూడు నెలలు నేర్చుకుంది. ఆ వేళ్లు చీమ కాలిముద్రనైనా చదివేసేవి.

సముద్రపు తాబేలు ఆమెను ఎక్కించుకుంది. "మీ అక్కలిద్దరినీ మోశానమ్మా. తిరిగొచ్చేటప్పుడు రెండుసార్లూ వీపు ఖాళీయే" అంది.

"ఈసారి ముగ్గురం ఎక్కుతాం, కాస్త గట్టిగా తిను" అంది తారావళి.

పంజరం దగ్గర కరాళుడు మీసం దువ్వుతున్నాడు. ఆమె కళ్లు మూసుకుంది.

"అప్పుడే భయమా పాపా?" అని నవ్వాడు. ఆడవాళ్లను మసి పనికి పెట్టింది వాడే. వాళ్ల కళ్లకు మాయ వేశాడు గాని, వేళ్లను మరిచాడు.

మొదటి వరుస చదివింది, ఒక గడియ ఊడింది. రెండోది చదివింది, రెండో గడియ ఊడింది. మూడో వరుసలో వేలు తడబడింది. పాదాలు రాయయ్యాయి. నడుం రాయైంది. గొంతు బిగుసుకుంటుండగా, తారావళి తొందరపడక ఆ గీతను మొదట్నుంచి మళ్లీ తడిమి, చదివేసింది.

చిలక ఎగిరిపోయింది, దాంతోపాటే వాడి ప్రాణమూ పోయింది. కరాళుడు మసైపోయి మూడు రోజులు సూర్యుణ్ణి కప్పేశాడు. అక్కలిద్దరూ ఆవులిస్తూ లేచారు.

తర్వాత తారావళి ఒక రాకుమారుణ్ణి మెచ్చి, తన లగ్నపత్రిక తానే చదువుకుని పెళ్లాడింది. నూటపదహారేళ్లు రాజ్యమేలింది. ఆ పెళ్లిపందిట్లో నూకాలమ్మ ఎగిరిపోని అక్షరాన్ని మొదటిసారి చూసి, "ఓసి, నువ్వు ఇలా ఉంటావా" అంది దానితో.

సాక్ష్యం కావాలా? ఆ మాట అన్నప్పుడు నా పక్కనే కూచుని ఎనభై బూరెలు తిన్నవాడున్నాడు. వెళ్లి అడగండి. పేరు గవ్వల సన్యాసయ్య.