వడకట్టిన పీపా

ఆదివారం సన్యాస దీక్ష తీసుకోవలసిన ఆస్మండ్, శుక్రవారం పొద్దున్నే మూట కట్టుకుని గురువు ముందు నిలబడ్డాడు.

"నన్ను పంపించెయ్యండి ఫాదర్. నేను దీక్షకు పనికిరాను."

"ఏం జరిగింది?" అన్నారు ఫాదర్ విల్‌ఫ్రిడ్.

"గంజి మాడిందని, వంట చేసే పియర్స్ మీద మళ్లీ విరుచుకుపడ్డాను. మూడేళ్లు ఉపవాసాలున్నాను, చన్నీళ్లలో నిలబడ్డాను. కోపం చావలేదు."

ఇంగ్లండులో కొండ మీద ఉన్న ఆ క్రైస్తవ మఠంలో బార్లీ పులియబెట్టి ఏల్ అనే బీరు చేస్తారు. మనిషికి రోజుకు ఒక్క గ్లాసు. రెండోది అడిగినవాళ్లు లేరు. పీపాల కొట్టు ఆస్మండ్ చూసుకునేవాడు. నలుసంత మురికినైనా ఓర్చుకోలేని మనిషి. పోయిన నెల ఒక పీపా నింపేముందు, పైతేట మాత్రం తీసి, దళసరి గుడ్డలో ఏడుసార్లు వడకట్టాడు.

గురువు మూట వంక చూశారు. లేచి, పీపాలుండే నేలమాళిగలోకి దిగారు. ఆస్మండ్ వెనకే వెళ్లాడు.

"నువ్వు వడకట్టిన పీపాలోంచి ఒక గ్లాసు పట్టు. పక్కదాంట్లోంచి ఒకటి."

రెండూ తేటగానే ఉన్నాయి. ఆస్మండ్ మొదటిది చప్పరించాడు. నురగ లేదు, చురుకు లేదు. నిలవ నీళ్లలా చప్పగా ఉంది. ముఖం చిన్నబోయింది.

"పట్నంలో ఫ్యాక్టరీ వాళ్లూ వడకడతారు కదా. వాళ్ల బీరు బాగానే పొంగుతుందే?" అన్నారు గురువు.

"వాళ్లు సిలిండర్‌తో గ్యాస్ ఎక్కిస్తారు ఫాదర్."

"మన దగ్గర సిలిండర్ లేదు నాయనా."

రెండో గ్లాసులో సన్నని బుడగలు నెమ్మదిగా పైకి వస్తున్నాయి. నోట్లో పోసుకుంటే వేయించిన గింజల రుచి, వెనకే చిరుచేదు.

"ఇందులో మడ్డి తీసేశావా?"

"లేదు. మడ్డిలోని ఈస్ట్ అడుగునే ఉంది. పీపా మూసేశాక కూడా లోపల పులియబెడుతూనే ఉంటుంది. ఈ బుడగలు అదిచ్చినవే."

"మరి గ్లాసులోకి రాలేదే?"

"రెండు రోజులు కదపకుండా ఉంచితే అడుగున కూర్చుంటుంది. కుదిపితేనే లేస్తుంది."

"అది నీకు తెలుసన్నమాట." గురువు ఆ రెండో గ్లాసు అందుకుని ఖాళీ చేశారు. "ఆదివారం నీ దీక్షకు ఏ పీపా పెట్టాలో చూడు." అని మెట్లెక్కి వెళ్లిపోయారు.

ఆస్మండ్ మడ్డి ఉన్న పీపా మీద సుద్దతో 'ఆదివారం' అని రాశాడు. తర్వాత మూట విప్పాడు. మూట కట్టింది ఆ వడకట్టే గుడ్డతోనే. దాన్ని దులిపి, మడతపెట్టి, వంటింటికి వెళ్లాడు.

అతన్ని చూడగానే పియర్స్ గరిటె అడ్డం పెట్టుకున్నాడు. "ఇప్పుడేం మాడిందయ్యా?"

"ఏమీ లేదు. వేడి గిన్నెలు దించడానికి పనికొస్తుందని తెచ్చాను."

"ఇది నీ వడకట్టే గుడ్డ కదా! మరి నీకో?"

"నాకింక అక్కర్లేదు," అన్నాడు ఆస్మండ్. చేతులు కడుక్కుని, గంజి కలపడానికి గరిటె అందుకున్నాడు.