ఉప్పుగని యంత్రం ఎవరిది?

వెర్నిక్ రాజు ఒటోకర్‌కు ఓ పొద్దున్నే ఒక సరదా పుట్టింది.

"గని దగ్గర కొత్త నీటియంత్రం పక్కన పెద్ద రాయి నాటించండి. ఇది వెర్నిక్ దేశపు సృష్టి అని చెక్కించండి. ఇంకో దేశం పేరు కనిపించిందా, ఊరుకోను!" అన్నాడు.

కోరిక చిన్నదే. చిక్కు మాత్రం పెద్దది.

యూరప్ కొండల్లో వెర్నిక్, సోల్డా, మార్వాన్ అనే మూడు చిన్న దేశాలు కలిసేచోట ఉంది ఆ ఉప్పుగని. మూడు దేశాలూ అక్కడి ఉప్పే తినేవి. ఒక ఏడు గని అడుగున ఊట పడి లోపలంతా నీళ్ళు చేరాయి. గనివాళ్ళకు పని పోయింది. ఇళ్ళల్లో అందరికీ చప్పిడి కూడే గతి అయింది.

ఏ దేశానికి ఆ దేశం సొంతంగా యంత్రం కట్టి చూసింది. ఒక్కటీ నీళ్ళు పైకి తేలేకపోయింది. చివరికి మూడు దేశాల పనివాళ్ళూ ఒకచోట కూర్చున్నారు. వాగు నీటితో తిరిగే చక్రాన్ని వెర్నిక్ వడ్రంగి చేశాడు. ఇనుప గొట్టాలు సోల్డా కమ్మరి పోతపోశాడు. ఎక్కిన నీళ్ళు మళ్ళీ కిందికి జారకుండా ఆపే తోలు మూతలు మార్వాన్ తోలుపనివాడు కుట్టాడు.

ఒకరి భాష ఒకరికి రాదు. వాళ్ళ మధ్య మాట నడిపింది వెర్నిక్ కొలువులోని దుభాషి ఉర్సులా. "అలా కాదు, ఇంకాస్త బిగించు" అని మూడు భాషల్లో అరిచి అరిచి ఆమె గొంతు బొంగురుపోయింది.

తీరా యంత్రం మొదలుపెట్టే రోజున ఈ రాయి గొడవ వచ్చిపడింది. గని పక్కన వేసిన పట్టుడేరాలో రాజు కూర్చున్నాడు. ఆయన ఎదురుగా మిగతా రెండు దేశాల రాయబారులూ ముఖాలు మాడ్చుకుని నిలబడ్డారు.

"యంత్రమంటే గొట్టాలే. తక్కినదంతా అలంకారం. ఇది సోల్డాది!" అన్నాడు సోల్డా రాయబారి.

"దాని ప్రాణం తోలు మూతల్లో ఉంది. ఇది మార్వాన్‌ది!" అన్నాడు రెండోవాడు.

రాజుగారి ఆస్థాన పండితుడు బెనెడిక్ట్ చిరునవ్వు నవ్వాడు. ఆయన గని ముఖం చూడడం ఆవేళే మొదలు.

"ఇలాంటి యంత్రం ఒకటి ఉంటే బాగుండునని నేను ఎప్పుడో అనుకున్నాను. ఊహ నాది, నేను వెర్నిక్ వాణ్ణి. కనక యంత్రం మనది, ప్రభూ!"

మాటా మాటా పెరిగింది. రాజు కుర్చీలోంచి లేచాడు.

"అయితే నా చక్రం ఊడదీయించుకు పోతాను!"

"మా గొట్టాలు మేం పీక్కుపోతాం!"

"మా మూతలు మాకిచ్చేయండి!"

డేరా బయట గనివాళ్ళు పారలు భుజాన వేసుకుని నిలబడి వింటున్నారు. వాళ్ళ ముఖాల్లో నెత్తురుచుక్క లేదు. ఉర్సులాకు కడుపు మండింది. ముందుకొచ్చి రాజుకు వంగి దండం పెట్టింది.

"ప్రభూ, కాసేపు ఓపిక పట్టండి. ఈ తగువు నేను తీరుస్తాను."

"తీర్చలేకపోతే?"

"కొలువు వదిలి వెళ్ళిపోతాను."

బెనెడిక్ట్ పకపకా నవ్వాడు. "మాటలు మోసే మనిషి న్యాయం చెబుతుందట!"

 ఉర్సులా బయటికి వెళ్ళి ముగ్గురు పనివాళ్ళ చెవుల్లోనూ ఎవరి భాషలో వాళ్ళకు ఏదో చెప్పింది. ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని, నవ్వు ఆపుకుంటూ పరుగెత్తారు.

కొంతసేపటికి దడదడమని చప్పుడైంది. ఆ వెంటనే ఉప్పునీళ్ళు డేరాలోకి జివ్వుమని దూసుకొచ్చాయి. తివాచీలు తేలాయి. రాజుగారి మఖమలు బూట్లు నీళ్ళలో మునిగాయి. బెనెడిక్ట్ బల్ల ఎక్కేశాడు.

"ఎవరు? ఈ పాడుపని చేసిందెవరు?" రాజు గర్జించాడు.

"యంత్రం, ప్రభూ," అంది ఉర్సులా. "అది ఎవరిదో చెప్పండి, వాళ్ళను శిక్షించవచ్చు."



బెనెడిక్ట్ బల్లమీంచే చేతులెత్తేశాడు. "మాది ఉత్త చక్రం, ప్రభూ! అది తిరగడం తప్ప ఏమీ ఎరగదు. సోల్డా గొట్టాలు లేకుండా ఒక్క చుక్క కూడా పైకి రాదు!"

సోల్డా రాయబారి ఉలిక్కిపడ్డాడు. "గొట్టాలదేముంది? బోలు ఇనుము! మార్వాన్ మూతలే లేకపోతే ఎక్కిన నీళ్ళు ఎక్కినట్టే దిగిపోయేవి!"

"మా మూతలు ఊరికే తెరుచుకుని మూసుకుంటాయంతే!" అని మొత్తుకున్నాడు మార్వాన్ రాయబారి. "వెర్నిక్ చక్రం తిప్పకపోతే వాటికి కదలికే లేదు!"

ఉర్సులా రాజు వైపు తిరిగింది.

"రాతిమీద ఏం చెక్కించాలో ముగ్గురూ చెప్పేశారు, ప్రభూ. వాళ్ళ మాటలే, వాళ్ళ పేర్లతోనే, మూడు భాషల్లో చెక్కిద్దాం. దుభాషిని కదా, నా సొంతమాట ఒక్కటీ కలపను."

రాజు మోకాళ్ళదాకా తడిసి అలాగే నిలబడిపోయాడు.

"యంత్రం తోడే నీళ్ళ కాలవ ఇటు తిప్పించింది నువ్వేనా?"

"నేనే, ప్రభూ. పొడికాళ్ళతో ఉంటే వీళ్ళు నిజం చెప్పేలా లేరు."

రాజు పెదవులు అదిరాయి. కోపమనుకుని అందరూ బిగుసుకుపోయారు. అంతలో ఆయన పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు. రాయబారులకూ నవ్వాగలేదు. బయట గనివాళ్ళు, గనిలో నీళ్ళు దిగుతున్నాయని చూసి, పారలు గాల్లోకెత్తి కేకలు పెట్టారు.

"ఏం కావాలో కోరుకో!" అన్నాడు రాజు.

"ఆ ముగ్గురు పనివాళ్ళనూ ఎవరి దేశానికి వాళ్ళను పంపేయకండి, ప్రభూ. ఇక్కడే ఒక కార్ఖానా కట్టించి, ముందుముందు వచ్చే చిక్కులూ వాళ్ళకే అప్పగించండి. ఖర్చు మూడు దేశాలదీ, ఫలం మూడు దేశాలదీ."

"కట్టిస్తాను. దానికి పెద్దవు నువ్వే!" అంటూ రాజు తన మెడలోని బంగారు గొలుసు తీసి ఆమె మెడలో వేశాడు. తర్వాత బల్ల వైపు చూశాడు.

"పండితులవారూ, ఇక దిగండి. మీ వాక్యం చెక్కేవాడికి, మీ పేరు ఎలా రాయాలో చెప్పాలి!"